ఫోన్‌తో కాలేజీ మ్యూజిక్ వీడియో: పాట ఎంపిక నుంచి లిప్ సింక్, ఎడిటింగ్ దాకా

ఫేర్‌వెల్‌కో, యాన్యువల్ డేకో కాలేజీ పిల్లలు తీసే పాటల వీడియోల్లో ఇప్పుడు బొమ్మకేం లోటుండదు. మామూలు ఫోన్ కూడా ఫుల్ హెచ్‌డీలో శుభ్రంగా తీస్తుంది. తేలిపోయేది లిప్ సింక్ దగ్గర, అంటే పాటకు పెదాలు కలిసే చోట. పాట ఒకచోట, నోరు ఇంకోచోట. దీనికి మూలం దాదాపు ఎప్పుడూ ఒకే మాట: "ఎడిటింగ్‌లో చూసుకుందాంలే". షూటింగ్‌లో తప్పిన పెదవిని ఎడిటింగ్ సరిచేయలేదు, మహా అయితే దాచిపెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా కెమెరా ఆన్ చేయకముందు, ఆన్ చేశాక చేయాల్సిన పనులే ఉంటాయి.

రీల్స్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఇది కాస్త విసుగనిపించవచ్చు. రీల్‌లో పాటను ఆ యాపే వినిపిస్తుంది, వీడియోకు ఆ యాపే అతికిస్తుంది. రెండు మూడు ఫోన్లు, పది మంది, నాలుగు లొకేషన్లు అనేసరికి ఆ పనంతా మన నెత్తిన పడుతుంది.

పాట ఫైలు ముందు ఖరారు కావాలి

మొదటిసారి చేసేవాళ్లు నాలుగైదు నిమిషాల పూర్తి పాట జోలికి వెళ్లొద్దు. పల్లవి, ఒక చరణం, మళ్లీ పల్లవి చాలు. నిమిషంన్నర నుంచి రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆ ముక్కలను కత్తిరించి అతికించే పని షూటింగ్‌కు ముందే అయిపోవాలి. దీనికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. చివరి ఫైలును 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో సేవ్ చేసి, షూటింగ్‌లో వినిపించడానికీ ఎడిటింగ్‌కూ ఆ ఒక్క ఫైలే వాడండి. షూటింగ్‌లో యూట్యూబ్‌లోని లిరికల్ వీడియో, ఎడిటింగ్‌లో ఇంకెక్కడో దించుకున్న ఎంపీ3 వాడితే పప్పులో కాలేసినట్టే. ఒకే పాటకు రెండు మూడు నిడివులు చలామణిలో ఉంటాయి. ఇంటర్‌లూడ్‌లో, అంటే పల్లవి చరణాల మధ్య వచ్చే సంగీతంలో, అర సెకను తేడా ఉన్నా ఆ తర్వాతి చరణమంతా తప్పుతుంది.

ఆ ఫైలుకు ముందు, పాట వేగంలోనే నాలుగు బీప్‌లు చేర్చండి. పాడేవాళ్లకు ఎత్తుగడ అందుతుంది, ఎడిటర్‌కు గుర్తు దొరుకుతుంది. పల్లవి, చరణం విడివిడిగా తీయాలనుకుంటే ఒక్కోదానికీ బీప్‌లున్న వేరే ఫైలు చేసుకోండి. అందులో అసలు తీయాల్సిన చోటుకు రెండు లైన్ల ముందు నుంచి పాట మొదలవాలి. గొంతు, ముఖం ఊపందుకోవడానికి ఆ రెండు లైన్లు కావాలి.

హక్కుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో వేస్తే హక్కులున్న పాటలను దానంతటదే గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. వీడియోను ఉండనిచ్చి యాడ్స్ ఆదాయం తీసుకోవాలా, పూర్తిగా ఆపేయాలా అన్నది హక్కుదారు ఇష్టం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌పై హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. నన్నడిగితే, క్లాసులో బాగా పాడే ఇద్దరిని పట్టుకుని, ఎవరు రాశారో తెలియనంత పాత జానపదాన్ని మీరే రికార్డ్ చేసుకోవడం మేలు. పాట జనానిదే అయినా యూట్యూబ్‌లో ఉన్న రికార్డింగ్ మాత్రం దాన్ని చేసినవాళ్లదని మరవొద్దు. తెలంగాణలో చిన్న చిన్న బృందాలు యూట్యూబ్ జానపదాలతో కోట్ల వ్యూస్ తెచ్చుకున్నాయి. వాటిని ఒకటికి రెండుసార్లు సౌండ్ లేకుండా చూడండి. ఏ లైన్‌కు దగ్గరి షాట్ పెట్టారో, ఎక్కడ పొలాల మీదికి వెళ్లిపోయారో గమనిస్తే సగం పాఠం అక్కడే ఉంది.

కాగితం మీద పాట

పాటను లైన్ల వారీగా రాసి పక్కన నాలుగు గడులు గీయండి: ఏ సెకనులో మొదలవుతుంది, ఎవరు పాడతారు, ఎక్కడ తీస్తాం, షాట్ ఎంత దగ్గర. క్యాంటీన్ సీన్‌కు ఎవరి చొక్కా ఏమిటన్నది కూడా రాసుకోండి. లేకపోతే రెండో రోజు ఒకడు వేరే చొక్కాతో దిగుతాడు.

ఇంటర్‌లూడ్‌లో పెదాల పనిలేదు. బస్సు దిగడం, బల్లమీద దరువు, మెట్లమీద పరుగు, లైబ్రరీలో నిద్ర, ఇలాంటివన్నీ అక్కడికి రాసుకోండి. వీటిని అనుకున్నదానికంటే ఎక్కువే తీసి పెట్టుకోండి. తర్వాత ఇవే ఆదుకుంటాయి.

ఎక్కడ తీయాలన్నదానికి ప్రిన్సిపల్ అనుమతి ముందే తీసుకోవాలి. రైలు పట్టాలు, మేడ పిట్టగోడ, హైవే మధ్య గీత మాత్రం జాబితాలో ఉండకూడదు. పట్టాలమీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం కింద ఆరు నెలల వరకు జైలు పడే నేరం. ప్రాణం సంగతి సరేసరి.

పవర్గం మీద పట్టు

చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకున్న ఓష్ఠ్యాలు ఇప్పుడు పనికొస్తాయి. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదాలు కలవాల్సిందే. క, గ, త, ల, ర, న లాంటివి లోపల నాలుకతోనో గొంతుతోనో అయిపోతాయి, కెమెరాకు పెద్దగా కనబడవు. చూసేవాళ్ల కన్ను తెలియకుండానే పవర్గాన్నే పట్టుకుంటుంది. "మ" వినబడుతున్నప్పుడు నోరు తెరిచి ఉందంటే అది అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది.

ఒక లైన్ తీసుకుందాం: "మా పల్లె పొలం మీద మబ్బుల పందిరి". మా, ప, పొ, లం, మీ, మ, బ్బు, మళ్లీ ప. ఇన్నిచోట్ల పెదాలు కలవాలి. "మబ్బు"లో మొదటి మూత చిన్నది, "బ్బు" దగ్గర ఒత్తు వల్ల మూత ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ వెంటనే "ఉ" కోసం పెదాలు గుండ్రమవుతాయి. "పొలం" చివరి సున్నకు పెదాలు మూయాలి. "పందిరి"లో సున్న మాత్రం "న్" లాగా పలుకుతుంది కాబట్టి పెదాలు తెరిచే ఉంటాయి. పాట బాగా వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా జారేది పదం చివరి సున్న దగ్గరే. ప్రాణం, గగనం, నయనం అంటూ రాగం తీసి, గాయకుడు "మ్" అని ముగించినా వీళ్లు నోరు తెరిచే నవ్వుతుంటారు. కాగితంలో పవర్గం అక్షరాలన్నింటికీ, పదం చివరి సున్నలన్నింటికీ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. దాన్ని చూస్తూ అద్దం ముందు సాధన చేయాలి.

ఇంకో మాట: ఊరికే పెదాలు కదపొద్దు, నిజంగా పాడాలి. శ్రుతి తప్పినా ఫర్వాలేదు, ఆ గొంతు వీడియోలో ఉండదు. గట్టిగా పాడితేనే మెడ నరం, ఛాతీ, లైన్‌కు ముందు తీసే ఊపిరి కనబడతాయి. ఊపిరి తీయకుండా మొదలైన లైన్ బొమ్మ మాట్లాడినట్టుంటుంది. సిగ్గుపడేవాళ్ల కోసం స్పీకర్ సౌండ్ పెంచండి. తమ గొంతు తమకే వినబడకపోతే మొహమాటం పోతుంది.

ఫోన్ సెట్టింగులు

అన్ని ఫోన్లలోనూ ఒకే రిజల్యూషన్, ఒకే ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, తీస్తుందన్న లెక్క) ఉండాలి. 1080పీ చాలు. 25 ఫ్రేములు అన్ని ఫోన్లలోనూ ఉంటే అది మంచిది, లేకపోతే అందరూ 30. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షటర్‌ను (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుగు తీసుకునే సమయం) 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెడితే తెరమీద చారలు రావు. మీ ఫోన్‌లోని కెమెరా యాప్ ఈ సదుపాయాలు ఇవ్వకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో చూసుకోండి. పాత ఆండ్రాయిడ్‌లకు ఓపెన్ కెమెరా ఉంది.

తెరమీద ముఖం దగ్గర వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేయండి. వెలుగునీడలను ఫోనే సర్దే హెచ్‌డీఆర్ మోడ్ ఆపేయండి, లేకపోతే ఒక క్లిప్ వెలిసినట్టు, ఇంకోటి మండినట్టు వస్తుంది. సెల్ఫీ కెమెరా వద్దు. లెన్స్‌ను మెత్తటి బట్టతో తుడవండి. జేబులో తిరిగిన ఫోన్ లెన్స్‌కు జిడ్డు ఉండే తీరుతుంది.

స్పీకర్ ఎక్కడ

ఒకప్పుడు సినిమా షూటింగుల్లో నాగ్రా టేప్ రికార్డర్‌లో పాట వేసి నటీనటులతో పాడించేవారు. ఇప్పుడు మనకు ఆ పని ఒక ఫోన్, ఒక స్పీకర్ చేస్తాయి. అయితే షూట్ చేసే ఫోన్‌లోనే పాట వేయడం కుదరదు, చాలా ఫోన్లలో వీడియో రికార్డింగ్ మొదలవగానే పాట ఆగిపోతుంది. పాట వేసే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకరికి అప్పగించండి. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే టేకు పోతుంది.

కెమెరా ఫోన్ మైక్ ఆన్‌లోనే ఉండాలి. అందులో పడే ఆ గరగర పాటే తర్వాత మనకు కొలబద్ద. ఫ్యాన్ మోత, హారన్లు, పక్క క్లాసు గోల ఉన్నా దిగులు లేదు, ఫైనల్‌లో ఏదీ వినబడదు. బీప్, చప్పట్లు మాత్రం స్పష్టంగా పడాలి.

బ్లూటూత్ స్పీకర్ ఆలస్యంగా పలుకుతుంది కదా, సింక్ చెడుతుందా? ఒక్కటే స్పీకరైతే చెడదు. పాడేవాళ్లు వినేదీ, కెమెరా వినేదీ ఆ స్పీకర్‌నే కాబట్టి ఆలస్యం ఇద్దరికీ సమానం. వేర్వేరు బ్లూటూత్ స్పీకర్లు రెండు పెడితేనే కొంప మునుగుతుంది, ఒక్కోదాని ఆలస్యం ఒక్కోలా ఉంటుంది.

దూరం సంగతి వేరు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. అంటే దాదాపు 14 మీటర్ల తేడాకు ఒక ఫ్రేమ్ పోతుంది. క్లాస్‌రూమ్‌లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. గ్రౌండ్‌లో నలభై మీటర్ల నుంచి తీస్తుంటే మాత్రం స్పీకర్‌ను కెమెరా దగ్గర పెట్టుకుంటే పెదాలు మూడు ఫ్రేములు వెనకబడతాయి. స్పీకర్‌ను ఫ్రేమ్‌కు బయట, కెమెరాకూ పాడేవాళ్లకూ సమాన దూరంలో పక్కగా పెడితే ఇద్దరికీ పాట ఒకేసారి చేరుతుంది.

షూటింగ్ రోజు

క్రమం ఇలా ఉండాలి: ముందు కెమెరా ఆన్, "రోలింగ్" అని కేక, తర్వాత కెమెరా ముందు షాట్ నంబర్ రాసిన కాగితం పట్టుకుని ఒక చప్పట, ఆ తర్వాత పాట. పాట అయ్యాక కూడా మూడు నాలుగు సెకన్లు ఎవరూ కదలొద్దు. కెమెరా ముందే ఆపేసే చేతులవల్ల పోయిన మంచి షాట్లకు లెక్కే లేదు.

మొదట దూరం షాట్‌లో మొత్తం పాట ఒకేసారి తీయండి. తర్వాత నడుము దాకా, ఆ తర్వాత ముఖం. ప్రధానంగా పాడేవాళ్లను ఒక్కొక్కరినీ కనీసం రెండు టేకులు మొత్తం పాటకు తీసి ఉంచండి, వాళ్ల వంతు రెండు లైన్లే అయినా సరే. దీనివల్ల ఎడిటింగ్‌లో ఏ లైన్‌కైనా ముఖం ఉంటుంది.

ఒక మనిషిని కేవలం పెదాలు చూడ్డానికే పెట్టండి. డాన్స్, జుట్టు, వెలుగు ఏదీ అతని పని కాదు. ఎర్ర గీతలున్న కాగితం చేతిలో పెట్టుకుని, లైన్ కుదిరితే టిక్కు, తప్పితే ఇంటూ. టేకు అవగానే "మూడో లైన్‌లో సున్న మూయలేదు" అని చెప్పాలి. మొహమాటపడే మనిషి ఈ పనికి పనికిరాడు. ఒక్క లైన్‌కు అన్ని టేకుల్లోనూ ఇంటూ పడిందంటే అక్కడే ఆ లైన్ మళ్లీ తీయాలి, ఇంటికెళ్లాక కాదు.

వెలుతురుకు పెద్ద లైట్లు అక్కర్లేదు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ మెత్తగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నమైతే వేపచెట్టు నీడకో వరండాకో మారండి. లోపలైతే కిటికీకి ఎదురుగా నిలబెట్టాలి, కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది.

కాలేజీ మొత్తం ఒకే షాట్‌లో, కట్ లేకుండా తీయాలనే సరదా కొందరికి ఉంటుంది. దాన్ని లిప్‌డబ్ అంటారు. 2008లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విద్యార్థులు, 2009లో మాంట్రియల్‌లోని క్యూబెక్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసినవి బాగా పేరు తెచ్చుకున్నాయి. చూడ్డానికి సింపుల్‌గా ఉంటుంది, చేయడం మాత్రం రెట్టింపు కష్టం. స్పీకర్ కెమెరా వెంటే నడవాలి, ఒక్కరు తప్పినా మొదటికి రావాలి. మొదటి ప్రాజెక్టుకు వద్దనే చెప్తాను.

స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే

జుట్టు నెమ్మదిగా ఎగురుతుంటుంది, పెదాలు మాత్రం పాటకు సరిగ్గా కలుస్తాయి. ఇందులో మాయేం లేదు. ఎడిటింగ్ 25 ఫ్రేముల్లో అయితే ఆ షాట్‌ను 50లో తీయాలి, 30 అయితే 60లో. పాటను ఆడాసిటీలో రెట్టింపు వేగానికి మార్చి వినిపించాలి. పాడేవాళ్లు ఆ వేగంలోనే పాడతారు. తర్వాత క్లిప్‌ను సగం వేగానికి తగ్గిస్తే పెదాలు అసలు పాటకు వచ్చి కూర్చుంటాయి. పదాలు తక్కువగా, రాగాలు ఎక్కువగా ఉన్న లైన్‌కే ఇది పెట్టుకోండి. గుక్క తిప్పుకోనివ్వని చరణాన్ని రెట్టింపు వేగంలో ఎవరూ పాడలేరు.

క్లిప్పులు కంప్యూటర్‌లోకి

వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత కరిగిపోతుంది. కేబుల్‌తో కాపీ చేయండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో ఒరిజినల్ ఫైళ్లు పెట్టండి. షాట్ నంబర్, పేరు పెట్టి ఫోల్డర్లుగా సర్దండి. రెండో కాపీ ఇంకో చోట ఉన్నాకే ఫోన్ ఖాళీ చేయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫోన్లు చెప్పినంత కచ్చితంగా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే 28, మళ్లీ 30, ఇలా మారుతుంటాయి. అందుకే క్లిప్ మొదట్లో సింక్ ఉండి, పోనుపోను జారిపోతుంది. ఇలా జారుతుంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చుకోండి. క్వాలిటీ అంకెను 18 దగ్గర ఉంచితే తేడా కనబడదు.

సింక్ కుదర్చడం

కంప్యూటర్ కాస్త గట్టిదైతే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడండి. ఫోన్‌లోనే చేయాలంటే వీఎన్, కైన్‌మాస్టర్ ఉన్నాయి. రిజాల్వ్‌లో క్లిప్పులు వేసే ముందే టైమ్‌లైన్ (క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) ఫ్రేమ్ రేటు చూసుకోవాలి, తర్వాత ఆ టైమ్‌లైన్‌కు మార్చనివ్వదు.

పాట ఫైలును ఒక ఆడియో ట్రాక్‌మీద వేసి తాళం వేసేయండి. ఇక అది కదలకూడదు. ప్రతి టేకును ఒక్కో వీడియో ట్రాక్‌మీద, ఒకదానిపై ఒకటి పేర్చండి. ప్రతిదాని గరగర ఆడియోలో బీప్‌లు ఎక్కడున్నాయో వేవ్‌ఫామ్‌లో, అంటే శబ్దాన్ని చూపే గీతల బొమ్మలో, కనబడుతుంది, వాటిని పాట బీప్‌ల కిందికి జరపండి. రిజాల్వ్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని మల్టీక్యామ్ క్లిప్ (టేకులన్నీ ఒకటిగా కలిపిన క్లిప్) చేసి, సౌండ్ ఆధారంగా కలపమంటే అదే కలుపుతుంది. గుడ్డిగా నమ్మొద్దు. పల్లవి రెండుసార్లు వచ్చే పాటలో మొదటి పల్లవిని తీసుకెళ్లి రెండోదానికి అతికించగలదు.

తర్వాత అసలు పరీక్ష. గరగర ఆడియో మ్యూట్ చేసి, ఎర్ర గీత ఉన్న ఒక "ప" దగ్గర ఆగి, బాణం గుర్తులతో ఒక్కో ఫ్రేమ్ జరపండి. పెదాలు రెండు మూడు ఫ్రేములు మూసుకుని, శబ్దం పేలే ఫ్రేమ్‌లో విడివడాలి. ముందో వెనకో ఉంటే క్లిప్‌ను ఒక ఫ్రేమ్ జరిపి మళ్లీ చూడండి. పాట మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఇలా మూడుచోట్ల చూస్తే జారుడు ఉందో లేదో కూడా తేలుతుంది.

ఎటూ తేలకపోతే బొమ్మను ఒక ఫ్రేమ్ ముందుంచండి. మెరుపు ముందు, ఉరుము తర్వాత అన్నది మన కంటికీ చెవికీ పుట్టుకతో అలవాటే. ప్రసార రంగానికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ఇచ్చిన సిఫారసులో కూడా శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పసిగడతారనీ, వెనకబడితే 125 దాకా గమనించరనీ ఉంది.

ఈ పనంతా వైరున్న ఇయర్‌ఫోన్‌తోనే చేయాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందో మీకు తెలియదు. దాన్ని నమ్మి క్లిప్పులన్నీ జరిపితే, ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో వీడియో మొత్తం తప్పుగా కనబడుతుంది.

కట్ ఎక్కడ పడాలి

ప్రతి దరువుకూ కట్ చేయాలనే ఉబలాటాన్ని అణచుకోండి. పాడేవాళ్ల ముఖం మీదికి వెళ్లేటప్పుడు మొదటి అక్షరం దగ్గర కాదు, దానికి ముందున్న ఊపిరి దగ్గర కట్ వేయాలి. లైన్ బాగా వచ్చిందనుకుంటే పూర్తయ్యేదాకా కదలొద్దు. ఇంటర్‌లూడ్‌లో వేగం పెంచుకోవచ్చు, అక్కడ కట్లు దరువుమీద పడితేనే బాగుంటుంది.

అన్ని టేకుల్లోనూ తప్పిన లైన్ ఒకటి మిగిలిపోతే వెనకనుంచి తీసిన షాట్, చేతులు, గుంపు, దూరం షాట్ ఏదో ఒకటి పైన కప్పండి. ఒకటి రెండు అక్షరాలే తప్పితే ముక్క కోసి రెండు ఫ్రేములు జరపొచ్చు, కానీ ఆ కోత మీద ఇంకో షాట్ ఉండాలి, లేకపోతే తల ఎగిరిపడినట్టు కనబడుతుంది. క్లిప్‌ను సాగదీయడం మాత్రం వద్దు.

అక్షరాలు, ఎక్స్‌పోర్ట్

తెరమీద పాట పదాలు వేస్తే మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. కొన్ని ఎడిటింగ్ యాపులు మన ఒత్తులను విరగ్గొడతాయి, "స్వప్నం" కాస్తా ముక్కలైపోతుంది. అలా జరిగితే పదాలను వేరేచోట టైప్ చేసి, వెనక ఖాళీగా ఉన్న పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టుకోండి. రంగులకు ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు, ఒకే చోట తీసిన షాట్లలో చర్మం రంగు ఒకేలా ఉంటే చాలు.

ఎక్స్‌పోర్ట్‌లో ఎంపీ4, హెచ్.264, 1080పీ, టైమ్‌లైన్‌కు ఉన్న ఫ్రేమ్ రేటే. యూట్యూబ్ ఈ సైజుకు సూచించే బిట్‌రేటు (సెకనుకు ఎంత డేటా అన్న లెక్క) 8 ఎంబీపీఎస్, కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. పాటలో లేని స్నేహితుడికి ఫైల్ చూపించి, ఎక్కడైనా పెదాలు తేడాగా ఉన్నాయా అని మాత్రమే అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటాడు.

ఫంక్షన్ హాల్లో వేసేటప్పుడు ల్యాప్‌టాప్ నుంచి సౌండ్ సిస్టమ్‌కు బ్లూటూత్ కలపనివ్వొద్దు, మీ కష్టమంతా ఆ ఒక్క చోట పోతుంది. ఏ జాక్ కావాలో సౌండ్ అబ్బాయిని ముందు రోజే అడిగి వైరు మీరే తీసుకెళ్లండి. ఖాళీ హాల్లో ఒక నిమిషం వేసి, మధ్య వరసలో కూర్చుని, మొదటి "ప" దగ్గర పెదాలు చూడండి.